తాళాల గుత్తి ఎవరి చేతిలో?

2024 జులై 14న పూరీ జగన్నాథుడి నగల ఖజానా రత్నభండార్ లోపలి గది తాళాలు పగలగొట్టాల్సి వచ్చింది. అంతకు ఆరేళ్ళ ముందు, 2018 ఏప్రిల్‌లో, తనిఖీకి వెళ్ళిన బృందం ఆ గది తలుపు తీయలేక బయటినుంచే చూసి వెనక్కి వచ్చింది. తాళంచెవులు కనబడటం లేదన్న సంగతి జూన్‌లో ఒడిశా అంతటా గుప్పుమంది. విచారణ కమిషన్ పడింది. కొద్ది రోజులకే కలెక్టరు కార్యాలయం రికార్డు గదిలో ‘డూప్లికేటు తాళంచెవులు’ అని రాసి ఉన్న కవరు దొరికింది. తీరా 2024లో ఆ చెవులు పెట్టి తిప్పితే తాళాలు రాలేదు. మెజిస్ట్రేటు ఎదుట వాటిని కోసి లోపలికి వెళ్ళారు.

అక్కడ తాళానికి వచ్చిన లోటేమీ లేదు. అది తన పని తాను చేసింది. చెవి ఎవరి దగ్గరుంది, ఆఖరుసారి ఎప్పుడు పెట్టి చూశారు, చేతులు మారినప్పుడు ఎక్కడ రాసుకున్నారు అన్న లెక్క తప్పింది. ఇప్పుడు దక్షిణ ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, జయపురం ఇళ్ళ వీధి తలుపులకు స్మార్ట్ లాకులు ఎక్కుతున్న వేళ అడగవలసిన ప్రశ్న కూడా ఇదే. ఏ కంపెనీది, ఎన్ని వేలు, వేలిముద్రా ముఖమా అన్నవి ఆ తరవాతి మాటలు.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కొరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోదే. రాయగడ 1992లో విడి జిల్లా అయింది. జిల్లాలు మారినా రాయగడ, గుణుపురం బజార్లలో తెలుగు మాట తగ్గలేదు. జేకేపూర్ కాగితం మిల్లు 1962 నుంచి, సునాబెడలో హెచ్‌ఏఎల్ ఇంజన్ల కర్మాగారం 1964 నుంచి, ఆ తరవాత దమన్‌జోడిలో నాల్కో ఎందరో తెలుగువాళ్ళకు అన్నం పెట్టాయి. ఆ ఉద్యోగులు రిటైరయ్యారు, క్వార్టర్లు ఖాళీచేసి సొంత ఇల్లు కట్టుకున్నారు. పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నారు. ఇంట్లో మిగిలింది ఇద్దరు, కొన్నిచోట్ల ఒక్కరే. పండక్కి వచ్చిన కొడుకు ఆన్‌లైన్‌లో తెప్పించిన స్మార్ట్ లాకు పెట్టె విప్పేది ఇలాంటి ఇంట్లోనే.

బిగించేవాడికోసం ఎదురుచూసే పని ఇక్కడ కుదరదు. పెద్ద నగరాల్లో తాళం కొంటే కంపెనీ మనిషి ఇంటికొచ్చి బిగించి వెళతాడు. కొండల మీది ఊళ్ళకొచ్చేసరికి పిన్‌కోడ్ కొట్టగానే ఆ సౌకర్యం లేదని చెప్పే కంపెనీలే ఎక్కువ. కాబట్టి మన చేత్తో మనమే బిగించుకోవడం ఈ ప్రాంతంలో సరదాకు చేసే పని కాదు, వేరే దారి లేక చేసేది. చేయగలిగిన పనే. అయితే పెట్టెలోని కాగితం మీద గీసిన తలుపు వేరు, మన గుమ్మానికున్న తలుపు వేరు. చాలా తాళాలు ఒంటిరెక్క తలుపును, 35 నుంచి 50 మిల్లీమీటర్ల మందాన్ని, నున్నటి ఫ్లష్ డోర్‌ను ఊహించుకుని తయారైనవి. పాత ఇళ్ళలో ఉండేవి రెండు రెక్కల గుగ్గిలం తలుపులు. మధ్యలో ఒక రెక్క మీదికి ఇంకో రెక్క ఎక్కే పట్టీ ఉంటుంది. అలాంటి తలుపుకు, అంచులోకి దిగే మోర్టైజు రకం తాళం పెట్టాలంటే కదలని రెక్కను పైనా కిందా టవర్ బోల్టులతో బిగదీయాలి. లేకపోతే లాకు ఎంత గట్టిదైనా రెండు రెక్కలూ కలిసి లోపలికి వంగుతాయి.

సొంతంగా చేసుకునేవారికి తేలికైంది రిమ్ లాకు రకం. అది తలుపు లోపలి ముఖం మీద కూర్చుంటుంది. బయటి భాగానికీ లోపలి భాగానికీ మధ్య వైరు వెళ్ళేందుకు ఒక రంధ్రం, చుట్టూ నాలుగైదు స్క్రూలు చాలు. మోర్టైజు రకానికి తలుపు అంచులో లోతుగా గుంట తవ్వాలి. ఆ పని ఉలి పట్టడం వచ్చిన వడ్రంగికి వదిలేయడం మంచిది. యూట్యూబు చూసి మెత్తటి ఫ్లష్ డోర్ మీద చేసే పనిని యాభై ఏళ్ళు ఎండిన గుగ్గిలం మీద చేయబోతే స్క్రూ సగం దిగి తల తెగిపోతుంది. ముందు సన్నటి డ్రిల్లుతో దారి చేసి, ఆ తరవాతే స్క్రూ ఎక్కించాలి.

కొరాపుట్ వానల సంగతి కూడా మరచిపోకూడదు. ఏడాదికి 1500 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే చోట ఆషాఢం వచ్చేసరికి తలుపులు ఉబ్బుతాయి. కాలితో తంతే గానీ పడని తలుపు ఇంటికొకటి ఉంటుంది. చేత్తో తాళం వేసేవాళ్ళు తలుపును భుజంతో నొక్కి గడియ జరుపుతారు, ఆ నేర్పు మోటారుకు లేదు. గడియ ద్వారబంధంలోని గుంటకు ఒక్క పిసరు తగిలినా అది అక్కడే ఆగి కూతపెడుతుంది, మళ్ళీ ప్రయత్నిస్తుంది, బ్యాటరీ కరిగిపోతుంది. వేసవిలో ముచ్చటగా కూర్చున్న తాళం శ్రావణంలో మొరాయిస్తే తప్పు ఎలక్ట్రానిక్స్‌ది అనుకోవడం పొరపాటు. బిగించేముందే బందులు సరిచేసి, తలుపు అంచు చిత్రికపట్టి, ద్వారబంధంలోని గుంటను కాస్త వెడల్పు చేసుకోవాలి. ఆ గుంట మీద వేసే ఇనప రేకుకు పెట్టెలో వచ్చే పొట్టి స్క్రూలు చాలవు, ద్వారబంధం లోపలికి దిగేంత పొడుగువి వేయాలి. దొంగ తన్నేది తలుపునే గాని తాళాన్ని కాదు.

బిగించేటప్పుడు జరిగే పొరపాట్లలో ఎక్కువ నష్టం చేసేది వైరు నలగడం. బయటి భాగం నుంచి వచ్చే వైరు రెండు పలకల మధ్య ఇరుక్కుంటే స్క్రూ బిగిస్తున్నకొద్దీ తెగుతుంది. బిగించాక మొదటి పరీక్ష తలుపు తెరిచి ఉంచే చేయాలి. గడియ గాలిలో బయటికొచ్చి లోపలికెళుతోందా, కోడు పనిచేస్తోందా, వేలిముద్ర పడుతోందా, పెట్టెలో ఇచ్చిన ఇనప తాళంచెవి తిరుగుతోందా అని ఒక్కొక్కటీ చూశాకే తలుపు వేయాలి. ఆ ఇనప చెవిని చాలామంది భద్రంగా బీరువాలో పెడతారు. బీరువా ఇంట్లో ఉంటుంది, చెవి కావలసి వచ్చేది ఇంటి బయట. నమ్మకమున్న ఎదురింటివారికి ఒకటి ఇచ్చి, ఆర్నెల్లకొకసారి దాన్ని తెప్పించి తిప్పి చూడాలి.

ఇంత శ్రమకు ఫలితముందా అంటే, ఉంది. మన వీధి తలుపులకు తరతరాలుగా ఉన్నది గొళ్ళెం, తాళంకప్ప. బయట వేలాడే కప్ప ఇంట్లో ఎవరూ లేరన్న బోర్డు లాంటిది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరుతో, ఊరెళ్ళేవాళ్ళు ముందుగా చెబితే ఇంట్లో కెమెరా పెట్టే ఏర్పాటు తెచ్చింది తాళం వేసిన ఇళ్ళను దొంగలు వెతుక్కుంటారు కాబట్టే. స్మార్ట్ లాకు ఉన్న తలుపు మనుషులున్నా లేకపోయినా బయటికి ఒకేలా కనిపిస్తుంది. పనిమనిషికి ఉదయం వేళకే పనిచేసే కోడు ఇవ్వొచ్చు, మానేసిన రోజున తీసేయొచ్చు. గ్యాసు బండ తెచ్చిన మనిషికి ఒక్కసారికే చెల్లే కోడు చెప్పొచ్చు. అన్నిటికన్నా పెద్ద మేలు ఇంకొకటి. ఒంటరిగా ఉన్న పెద్దావిడ స్నానాల గదిలో జారిపడితే, విశాఖలో ఉన్న కూతురు ఫోను చేసి పక్కింటివారికి కోడు చెప్పగలదు, తలుపు బద్దలుకొట్టే పని ఉండదు.

కాని ఆ మేలు దక్కాలంటే రాత్రిపూట లోపల గడియ వేయకూడదు. ఈ మాట చాలా ఇళ్ళలో ఎవరూ చెప్పరు. పాతిక వేలు పెట్టి తాళం బిగిస్తారు, పడుకోబోయేముందు అమ్మ అలవాటు కొద్దీ పైనా కిందా టవర్ బోల్టులు వేస్తుంది. అప్పుడు బయట కోడు కొట్టినా ప్రపంచంలోని ఏ యాప్ నొక్కినా తలుపు కదలదు. వరండాకు గ్రిల్ గేటు ఉండి దానికి మామూలు తాళం వేసినా అంతే. అవసరానికి తలుపు తెరవడమే ఉద్దేశమైతే ఆ గడియల సంగతి ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. ఆవిడకు గడియ లేకపోతే నిద్రపట్టదంటే ఆ మాటను గౌరవించాలి. ఇంట్లో పడుకునేది ఆవిడ.

అసలు పేచీ ఇక్కడే ఉంది. స్మార్ట్ లాకును మొదటిసారి తన ఫోనుతో జతచేసినవారే దానికి యజమాని. మిగతావారంతా ఆ యజమాని ఇచ్చిన అనుమతితో లోపలికి వచ్చేవారే. కొడుకు మూడు రోజుల సెలవులో వచ్చి, తన ఫోనులో యాప్ దించి, తన నంబరుకు ఓటీపీ తెప్పించుకుని, అమ్మానాన్నల వేళ్ళు రెండు నమోదు చేసి రైలెక్కుతాడు. ప్రేమతోనే చేస్తాడు. కాని ఆ రోజునుంచి ఆ ఇంటికి ఎవరు రావాలో, ఎవరి కోడు తీసేయాలో నిర్ణయించే అధికారం నాలుగు వందల మైళ్ళ అవతల ఉన్న ఫోనుకు పోయింది. తల్లి ఎన్ని గంటలకు గుడికి వెళ్ళింది, తండ్రి ఎంత రాత్రికి తిరిగొచ్చాడు అన్న చిట్టా ఆ ఫోనులో పడుతూ ఉంటుంది. తెలుగిళ్ళలో అత్తగారి బొడ్లోని తాళాల గుత్తి కోడలి చేతికి రావడమంటే పెత్తనం చేతులు మారడం. అది ఒక రోజు చూసి, పదిమందికీ తెలిసేలా జరిగేది. ఇక్కడ ఆ మార్పు ఓటీపీ చాటున, ఎవరూ గమనించకుండా జరిగిపోతోంది.

ఈ భయం ఊహలోంచి వచ్చింది కాదు. న్యూయార్క్‌లోని మాన్‌హాటన్‌లో ఒక భవనం యజమాని వీధి తలుపుకు ఫోనుతో నడిచే తాళం పెట్టిస్తే అద్దెకున్నవారు కోర్టుకెక్కారు. వారిలో ఒకరు 93 ఏళ్ళ వృద్ధుడు. యాప్ వాడటం తెలియక ఆయన ఇంట్లోనే చిక్కుబడిపోయారన్నది వారి ఫిర్యాదు. 2019 మేలో రాజీ కుదిరి, అడిగినవారికి మామూలు ఇనప తాళంచెవి ఇవ్వడానికి యజమాని ఒప్పుకోవలసి వచ్చింది. పరాయి యజమాని అయితే కోర్టుకు పోవచ్చు. కన్నకొడుకు మీద ఏ తల్లి పోతుంది? అందుకే మన ఇళ్ళలో ఈ సంగతి ముందే తేల్చుకోవాలి.

యజమానికి పైన ఇంకో యజమాని ఉంటాడు, అది కంపెనీ. 2017 ఆగస్టులో అమెరికాలో లాక్‌స్టేట్ అనే సంస్థ తన తాళాలకు ఇంటర్నెట్ ద్వారా సాఫ్ట్‌వేర్ మార్పు పంపితే, పొరపాటున వేరే మోడల్‌ది వెళ్ళి సుమారు 500 తాళాలు కోడుకు పలకడం మానేశాయి. వాటిలో కొన్ని ఎయిర్‌బీఎన్‌బీ ద్వారా అద్దెకిచ్చే ఇళ్ళవి. తాళం వెనక భాగం ఊడదీసి కంపెనీకి పంపడమో, కొత్తది వచ్చేదాకా ఆగడమో తప్ప గత్యంతరం లేకపోయింది. డెన్వర్‌లో ఉన్న కంపెనీకి అమెరికాలోనే తాళం తిప్పి పంపడం ఒక ఎత్తు, రాయగడ నుంచి కొరియరు చేసి రోజులకొద్దీ తలుపుకు బొక్కతో కూర్చోవడం ఇంకో ఎత్తు. అంతకుముందు 2016లో డెఫ్‌కాన్ హ్యాకర్ల సమావేశంలో ఇద్దరు పరిశోధకులు 16 బ్లూటూత్ తాళాలను పరీక్షించి 12 తెరిచి చూపించారు. కొన్ని తాళాలైతే పాస్‌వర్డును ఏ ముసుగూ లేకుండా గాలిలోకి వదిలాయి. ఆ తరవాత ప్రమాణాలు మెరుగయ్యాయి గాని, ఊరూ పేరూ లేని చవక తాళానికి ఆ మెరుగుదల వచ్చిందని నమ్మడానికి ఆధారం ఉండదు. పెట్టెలోంచి తీసినప్పుడు చాలావాటికి మాస్టర్ కోడు 123456. అది మార్చకుండా వదిలేస్తే తాళం ఉన్నా లేనట్టే.

వేలిముద్ర మీద ఉన్న నమ్మకం కూడా కొంచెం తగ్గాలి. రేషన్ దుకాణం ముందు వేలు పడక వెనుతిరిగిన పెద్దవాళ్ళు ఈ జిల్లాల్లో ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. సిమెంటు పనిచేసే చేతులకు, ఏళ్ళ తరబడి గిన్నెలు తోమిన చేతులకు గీతలు అరిగిపోతాయి. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళకు జీడి తగిలి వేళ్ళ మీది చర్మమే ఊడిపోతుంది. తెల్లవారగానే కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టడానికి బయటికొచ్చిన ఇల్లాలి సంగతి చూడండి. తాళానికి తనంతట తాను పడిపోయే ఏర్పాటు, అంటే ఆటోలాక్, పెట్టి ఉంటే, వెనకనుంచి చిన్న చప్పుడుతో తలుపు బిగుసుకుంటుంది. ఫోను లోపల మంచం పక్కన ఛార్జింగులో ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ తడి పిండి, సెన్సారు మీద పెడితే ఎర్రలైటు. నాలుగైదుసార్లు తప్పితే తాళం కొద్ది నిమిషాలు అసలు వినదు. ఆ వేళకు ఆవిడకు కోడు నోటికి రావాలి. కాబట్టి ప్రతి మనిషికీ వేలితోపాటు కోడు తప్పనిసరి, అదీ కొడుకు పుట్టినతేదీ కాకుండా, ఆవిడే ఎంచుకుని గుర్తుపెట్టుకునేది. పగటిపూట ఆటోలాక్ ఆపి ఉంచాలి.

తుపాన్లు వచ్చే చోటు కూడా ఇది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కుదిపినప్పుడు కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. 2018 అక్టోబరు తిత్లీకి గుణుపురం వైపు వరదలు ముంచెత్తాయి. స్మార్ట్ లాకు బ్యాటరీల మీద నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా కోడు, వేలు పనిచేస్తాయి. దూరంనుంచి తెరిచే సౌకర్యం మాత్రం వైఫై పోగానే పోతుంది. కూతురు విశాఖలో ఎంత ఫోను నొక్కినా లాభం లేదు. ఆ రోజుకు పనికొచ్చేది కోడు, లేదా ఎదురింట్లో ఉన్న ఇనప చెవి. బ్యాటరీలు ఆల్కలైన్‌వే వేయాలి, అన్నీ ఒకేసారి మార్చాలి. చలికాలంలో కొరాపుట్, సెమిలిగుడ రాత్రులకు వాటి సత్తువ పడిపోతుంది. పూర్తిగా అయిపోతే బయటినుంచి 9 వోల్టుల బ్యాటరీ ఆనించి గాని, యూఎస్‌బీ వైరుతో పవర్‌బ్యాంకు తగిలించి గాని తెరిచే వీలు చాలా తాళాలకుంది. ఆ కొన ఎక్కడుందో, ఏది తగిలించాలో ఇంట్లో ఉండేవారికి పట్టపగలు ఒకసారి చేసి చూపించాలి.

ఇన్ని చెప్పాక కూడా ఈ వ్యాసం సలహా వద్దనడం కాదు, బిగించుకోమనే. కాని బిగించే రోజున స్క్రూడ్రైవరు కొడుకు పట్టుకున్నా ఫోను మాత్రం తల్లిదో తండ్రిదో కావాలి. ఖాతా వాళ్ళ నంబరుతో తెరవాలి, మాస్టర్ కోడు వాళ్ళు కొట్టాలి, పిల్లలను సభ్యులుగా వాళ్ళే చేర్చాలి. రాకపోకల చిట్టా పిల్లలకు కనబడాలా వద్దా అన్నది వాళ్ళు చెప్పాలి. స్మార్ట్‌ఫోను వాడని పెద్దలైతే యాప్ అక్కరలేని, కోడూ చెవీ మాత్రమే ఉన్న కీప్యాడ్ తాళం తెప్పించాలి. అది చవక, మరమ్మతూ తక్కువ, ఇంటర్నెట్‌తో దానికి పనిలేదు. పిల్లల ఫోనుకే ఖాతా ఉండక తప్పదనుకుంటే, కనీసం తలుపు దగ్గర నిలబడి మీట నొక్కి కొత్త కోడు పెట్టుకునే పద్ధతి పెద్దలకు నేర్పి వెళ్ళాలి.

తయారీదారులు చేయవలసిందీ ఉంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, బజారులో రెండూ మాట్లాడే ఊళ్ళకు ఇంగ్లిషులో మాట్లాడే తాళం వస్తోంది. ‘బ్యాటరీ తగ్గింది’ అని అది నెల రోజులు మొత్తుకున్నా అర్థంకాని మనిషికి అది ఉత్త చప్పుడే. 1897లో బొంబాయిలో అర్దేశిర్ గోద్రెజ్ తాళాలు చేయడం మొదలుపెట్టిన దేశంలో, అలీగఢ్ తాళాలు పల్లెపల్లెకూ చేరిన దేశంలో, తెలుగులోనూ ఒడియాలోనూ నాలుగు మాటలు రికార్డు చేసి పెట్టడం ఏ కంపెనీకీ భారం కాదు. వైఫై, వేలిముద్ర లాంటి హంగుల్లో రెండు తగ్గించినా ఈ సౌకర్యం ఇవ్వాలి. రాయగడలోనో జయపురంలోనో ఒక్కో వడ్రంగికి రెండు రోజులు పని నేర్పి, బిగించినందుకు కూలి తామే ఇస్తే వారంటీ పేచీలు సగం తగ్గుతాయి.

కొనేవాళ్ళు ఆర్డరు నొక్కేముందు కంపెనీకి ఫోను చేసి తమ పిన్‌కోడ్ చెప్పాలి. తాళం చెడితే మనిషి వస్తాడా, ఎన్ని రోజుల్లో వస్తాడు, సొంతంగా బిగించుకుంటే వారంటీ ఉంటుందా, రెండు రెక్కల తలుపుకు పనికొస్తుందా అని అడిగి, ఆ జవాబు మెయిల్లోనో వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. తలుపు మందం కొలిచి ఫొటోతో సహా పంపాలి. జవాబు వచ్చాక, ఆ ఇంట్లో ఉండేవారిని కూర్చోబెట్టి చదివి వినిపించి, వాళ్ళు సరేనన్నాకే డబ్బు కట్టాలి.